దుర్యోధనుడి చేతిలో అర్జునుడి మోచెయ్యి

పెళ్లయిన కొత్తలో మా ఆయన చెయ్యి పట్టుకుని నేను మొట్టమొదట వెతికింది ముంజేతిలోని రేడియస్ ఎముక తలకాయను. మోచేతికి బయటివైపు ఒక చిన్న గుంట ఉంటుంది. అందులో బొటనవేలు ఆనించి, రెండో చేత్తో అవతలివాళ్ల అరచేతిని పైకీ కిందికీ తిప్పితే, వేలి కింద గుండ్రటి ఎముక గోళీకాయలా తిరుగుతుంది. ధనుంజయ చేతిలో అది ఎంత సాఫీగా తిరిగిందంటే నాకు నవ్వు ఆగలేదు. ఏం వెతుకుతున్నావని అడిగితే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, బాగుందా అని అడిగారు. చాలా బాగుందన్నాను. ఆ రోజంతా ఆయన మురిసిపోతూ తిరిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని. పుట్టింది కుప్పంలో, కాపురం పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. డాక్టర్ మధుసూదన్ గారి ఎముకల ఆసుపత్రిలో మెట్ల పక్క గది నాది. పొద్దున మా ఆయన హార్డ్‌వేర్ షాపు తెరవకముందే నన్ను బైకు మీద బస్టాండులో దింపుతారు. సాయంత్రం బస్సు దిగేసరికి వేయించిన శనక్కాయల పొట్లంతో నిలబడి ఉంటారు. పగలంతా పేషెంట్ల కీళ్లు కదిపి అలిసిపోయిన నా వేళ్లకు ఆ పొట్లం వెచ్చదనం తగిలితే, ఇంకా రెండు మోచేతులు పంపినా చూసేద్దామన్నంత హుషారు వచ్చేది.

ఎల్లప్ప నా గదిలోకి వచ్చింది ఎండలు ఇంకా ముదరకముందు. మదనపల్లె టమాటా మార్కెట్‌లో క్రేట్లు ఎత్తే మనిషి. పేర్చిన క్రేట్ల మీద నుంచి జారి, కుడిచెయ్యి నేలకు ఆనించి పడ్డాడు. రేడియస్ తలకాయకు చిన్న చీలిక వచ్చింది. అది అతుక్కుంది. అయితే కట్టు విప్పించుకోమని చెప్పిన రోజు దాటిపోయినా ఎల్లప్ప విప్పించుకోలేదు. ఎంత ఎక్కువ కాలం ఉంచితే అంత గట్టిపడుతుందని ఆయన లెక్క. గట్టిపడింది కూడా. ఎముక కాదు, కీలు.

చెయ్యి చాచమన్నాను. మోచెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. అరచెయ్యి పైకి తిప్పమన్నాను. ఎల్లప్ప భుజం తిప్పాడు, నడుము తిప్పాడు, ఆఖరికి మెడ కూడా తిప్పాడు. అరచెయ్యి మాత్రం గోడనే చూస్తూ ఉండిపోయింది.

వెంట వచ్చిన భార్య ఆదిలక్ష్మమ్మ, సంగటి చెంచాతో తినిపించాల్సి వస్తోందని చెప్పింది. పని లేకపోయినా ఇల్లు తను నడపగలదట. మనిషి దిగులు అది కాదట.

"భారతంలో మాను ఎక్కల్ల మేడమ్మా. ఈయప్పే అర్జునుడు," అంది.

కుప్పం పిల్లకు ఆ మాట చాలు. మా వైపు ఎండాకాలంలో ఊళ్లలో భారతం ఆడతారు. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసే రోజున ఊరి బయట తాటిచెట్టంత మాను ఒకటి నిలబెడతారు. దానికి అక్కడక్కడా కాలు పెట్టడానికి కొయ్యలు దిగ్గొట్టి ఉంటాయి. అర్జునుడి వేషగాడు ఒక్కొక్క కొయ్య మీదా ఆగి పద్యం పాడుతూ పైకెక్కుతాడు. కొనన ఉన్న పీట మీద కూర్చుని శివుణ్ణి వేడుకుంటాడు. వరం దొరికాక విభూతి పొట్లాలూ నిమ్మకాయలూ కిందికి విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడి చీరలతో కొంగు పట్టుకుని వాటి కోసం కింద కూర్చుంటారు.

ఎల్లప్ప ఊరు కుప్పానికి అవతల, బెంగళూరు రైలు పట్టాల పక్కన. అక్కడ మాను ఎక్కింది మొదట వాళ్ల నాయన, ఆ తర్వాత ఎల్లప్ప. ఈసారి చెయ్యి బాగుకాకపోతే వేరే ఊరి వేషగాణ్ణి మాట్లాడతామని పెద్దలు చెప్పేశారు. ఒకసారి ఇంకొకడు ఎక్కాడంటే ఇక ఆ మాను వాడిదేనని ఎల్లప్ప అన్నాడు. ఏడాది పొడుగునా 'రేయ్ ఎల్లా, ఈ లోడు దించు' అని కేకేసే జనమే ఆ ఒక్కరోజు తలలు పైకెత్తి తనని చూస్తారట. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

డాక్టరుగారు కొత్త ఎక్స్‌రే చూసి ఎముక గట్టిగానే ఉందన్నారు. చెయ్యి నిండుగా చాచి, దాని మీద ఒంటి బరువు ఆపగలడని హరిత చెబితే ఎక్కవచ్చు, లేకపోతే మాను ముట్టకూడదు అన్నారు. హరిత అంటే నేనే. అలా మాను నా నెత్తిమీదికి వచ్చింది.

మొదటిరోజే ఎల్లప్ప, నొప్పికి తాను భయపడే రకం కాదనీ, ఒక్క గుంజు గుంజి పని అయిపోగొట్టమనీ అడిగాడు. అప్పుడు నేను మా అత్తగారి బీరువా కథ చెప్పాను. కాపురానికి వచ్చినప్పుడు మా అత్తగారు పద్మావతి గారు నా చీరలకు ఒక సొరుగు ఇచ్చారు. నేను లాగితే రాలేదు. ఇంకా గట్టిగా లాగితే పిడి ఊడి చేతికొచ్చింది. కొత్త కోడలి తొలి ఘనకార్యం అది. అత్తగారు నవ్వి, సొరుగుకు రెండు వైపులా అరచేతులు ఆనించి, ఇటు కాస్తా అటు కాస్తా కదిలించారు. సొరుగు మెల్లగా దానంతటదే ముందుకు వచ్చింది. బిగుసుకున్న కీలూ అంతేనని చెప్పాను. గుంజితే వాచిపోయి ఇంకా బిగుసుకుంటుంది. దారి చేస్తే వస్తుంది.

ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి, మోచెయ్యి వంచి, ముంజేతిని కీలుకు దగ్గరగా పట్టుకుని, ఒక ఎముకను ఇంకో ఎముక నుంచి వెంట్రుకవాసి ఎడం చేసేదాన్ని. పట్టి ఉంచి, వదిలి, మళ్లీ పట్టేదాన్ని. ఆ తర్వాత నాకు ఇష్టమైన ఆ గుండ్రటి తలకాయను వెనకనుంచి బొటనవేళ్లతో ముందుకు జరిపేదాన్ని. జరిగేది ఎంతో కొంచెం. చూసేవాళ్లకు అసలేమీ కనిపించదు. మణికట్టు దగ్గర అవే రెండు ఎముకలు మళ్లీ కలుస్తాయి. అక్కడ బిగువుంటే ఇక్కడ తిరగదు కాబట్టి దాన్నీ బుజ్జగించాలి. కొన్నాళ్లకు, మేడమ్మ ఏమీ చెయ్యకుండా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంటుందని ఆదిలక్ష్మమ్మ బయట బెంచీ మీద వాళ్లందరికీ చెప్పినట్టు నాకు తెలిసింది.

ఆ బెంచీ మీదే ఒకరోజు ఆమె మాట మారింది. ఎల్లప్ప తన చెవి తానే గోక్కున్నాడట. ఇంకొన్నాళ్లకు సంగటి ముద్ద తన చేత్తో తుంచి, ఊరిబిండి పచ్చడిలో అద్ది నోట్లో పెట్టుకున్నాడట. చూస్తూ ఆమె తినడం మరిచిపోయిందట. ఆ సాయంత్రం బైకు మీద వెనక కూర్చుని మా ఆయన చెవిలో ఈ వార్త అరిచాను. ఆయన బండి ఆపి ఇంకో శనక్కాయల పొట్లం కొన్నారు.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. ఎల్లప్ప ఒకరోజు మోచెయ్యి వాచిపోయి వచ్చాడు. తొందరగా చాపుకోవాలని నీళ్లబిందె కుడిచేతికి వేలాడదీసుకుని నిలబడ్డాడట. నేను కోప్పడలేదు. సొరుగు పిడి ఊడిందా అని మాత్రం అడిగాను. ఆయన తలవంచుకున్నాడు. మంచుగడ్డ పెట్టి, వాపు దిగేదాకా ఆగి, పోగొట్టుకున్నదంతా మళ్లీ కొంచెం కొంచెంగా సంపాదించుకున్నాం.

అలా సంపాదించుకుని, చాచితే చెయ్యి దాదాపు నిటారుగా వచ్చి, అరచెయ్యి ఇంకాస్త తిరిగితే చాలు అనుకుంటున్నప్పుడు, ఎల్లప్ప చొక్కా వేసుకుంటూ వచ్చే వారం నుంచి రానని చెప్పాడు. కంకణం కట్టుకుంటాడట. కట్టుకున్నాక భారతం ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. కంకణం లేనివాళ్లు ఎవరూ ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. అది వాళ్ల ఊరి కట్టు. ఇన్ని వారాలూ ఆయన దీన్ని చెప్పలేదు, ఎందుకంటే అది నాకు తెలియకుండా ఉంటుందని ఆయనకు తట్టనే లేదు.

నా వైద్యమంతా చేతులతో చేసేది. ఆ చేతులే ఆయన్ని ముట్టుకోకూడదు. ఊరికే వదిలేస్తే కీలు మళ్లీ వెనక్కి పోతుంది. కంకణం ఇంకెవరెవరు కడతారని అడిగాను. వేషం వేసేవాళ్లందరూ అన్నాడు. వాళ్లలో బలంగా, నిదానంగా చెప్పినట్టు చేసే మనిషి ఉన్నాడా అని అడిగాను. ఎల్లప్ప ముఖం చింతకాయ కొరికినట్టయింది.

"ఉండాడు. దుర్యోధనుడు," అన్నాడు.

దుర్యోధనుడి పేరు నారాయణస్వామి. పోయినేడు మాను దిగుతున్న ఎల్లప్పను చూసి, కొయ్యలు కొట్టుంటే కోతి కూడా ఎక్కుతాదని అన్నాడట. అప్పటినుంచీ వాళ్లిద్దరూ వేదిక మీద తప్ప మాట్లాడుకోలేదు.

పుట్టింటికి పోయిరావాలని అత్తగారితో చెప్పి, ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని కుప్పం బస్సెక్కాను. ఎందుకో మాత్రం బస్సు పలమనేరు దాటాకే చెప్పాను. ఆయన పని చాలా సులువు, మంచం మీద పడుకుని చెయ్యి ఇస్తే చాలు.

నారాయణస్వామి బోరు కింద టమాటా పండించే రైతు. మీసాలు వేషం కోసం పెట్టుకున్నవి కావు, సొంతవి. గుమ్మంలో నన్నూ, నా వెనక మా ఆయన్నీ, అల్లంత దూరాన వేపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డ ఎల్లప్పనూ చూశాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"సభలో ఈయప్పను నగుబాటు చేసేది నా పని. ఒళ్లు పట్టేది కాదు," అన్నాడు.

నేను ఇంట్లోనే ఆలోచించి పెట్టుకున్న మాట తీశాను. "మాను ఎక్కకుంటే అర్జునుడికి పాశుపతం లేదు. అస్త్రం లేనోడితో కొట్లాడితే దుర్యోధనుడికి ఏం పేరొస్తాదప్పా?"

ఆయన మీసం కింద నవ్వు కదిలింది. "మాటలు బాగా నేర్చినావమ్మా. యాడివాళ్లు మీరు?"

కుప్పమే అన్నాను. ఆయన లోపలికి వెళ్లి రెండో మంచం తెచ్చాడు.

ఒక మంచం మీద ఎల్లప్ప, రెండో దాని మీద ధనుంజయ. నేను మా ఆయన చేతి మీద చేసి చూపిస్తే, నారాయణస్వామి అవతల ఎల్లప్ప చేతి మీద చెయ్యాలి. ముందు ఎముక తలకాయను పట్టుకోవడం నేర్పించాను. గుంటలో వేలు పెట్టమన్నాను, అరచెయ్యి తిప్పమన్నాను. ఆ పెద్దమనిషి ముఖంలో మొదట అనుమానం, తర్వాత ఇంకేదో కనిపించింది.

"ఇదేంది, లోపల తిరగతా ఉండాదే," అన్నాడు మెల్లగా. మళ్లీ తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఆ వేలి కింద గోళీకాయ తిరగడం మొదటిసారి తెలిసినప్పుడు నేనూ ఇలాగే ఉండి ఉంటాను. ఆ క్షణం నుంచి నాకు దుర్యోధనుడంటే అభిమానం.

కానీ ఆయన నొక్కితే ఎల్లప్ప పళ్లు బిగబట్టాడు. ఎంత బలం పెడుతున్నాడో పట్టుకుని చూడ్డానికి నాకు వీల్లేదు, ఆయనకూ కంకణం ఉంది. చుట్టూ చూస్తే గంపలో టమాటాలు కనిపించాయి. బాగా పండిన కాయను మా ఆయన మోచేతి మీద పెట్టి, దాన్ని బొటనవేళ్లతో జరపమన్నాను, తొక్క చిట్లకూడదన్నాను. మొదటి కాయ ఫట్‌మని మా ఆయన తెల్లచొక్కా మీద పగిలింది. కౌరవులు మొదలుపెట్టేశారని ఎల్లప్ప మంచం మీదనుంచి అన్నాడు. ఏడాది తర్వాత వాళ్లిద్దరి మధ్య మొదటి మాట అది. నారాయణస్వామి ఇంకో కాయ తీసుకున్నాడు. అది కూడా పగిలింది. కొత్త చొక్కా అని మా ఆయన సణిగారు, చెయ్యి మాత్రం తియ్యలేదు. చివరికి ఒక కాయ మొదలు నుంచి ఆఖరుదాకా నిలిచింది. నారాయణస్వామి దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు. అదే బలంతో ఎల్లప్ప మోచెయ్యి పట్టుకుంటే, ఎల్లప్ప కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వీడియో కాల్. మంచం కోడుకు ఫోను ఆనించి దుర్యోధనుడు పని చేసేవాడు, నేను పుంగనూరు నుంచి చూస్తూ, వేలు కొంచెం పైకి, గుంజొద్దు, దానంతటదే వస్తుంది, ఇప్పుడు వదలండి అని చెప్పేదాన్ని. మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా తొంగిచూసేవారు. ఒకరోజు ఆగలేక, "గుంజగాకప్పా, సొరుగు మాదిరి జరుపు," అని ఫోనులోకి చెప్పారు. సరేమ్మా అన్నాడు దుర్యోధనుడు బుద్ధిగా.

తపస్సుకు ముందురోజు మళ్లీ ఎల్లప్ప ఊరికి వెళ్లాం. చింతకొమ్మ పట్టుకుని వేలాడమని ఎల్లప్పతో చెప్పాను. వేలాడాడు. రెండు చేతులూ నిటారుగా సాగాయి. కుడిదాన్నే చూస్తూ నేను కొమ్మ చుట్టూ తిరిగాను. దిగాక అరచేతులు పైకి తిప్పమన్నాను. ఎడమది పూర్తిగా తిరిగింది. కుడిది దానికంటే వేలి వెడల్పంత వెనకే ఆగింది. అయినా ఎక్కడానికి అడ్డం కాదు. ఎక్కవచ్చని చెప్పి, నడుముకు తాడు కట్టుకోవాలని షరతు పెట్టాను. తాడు మా ఆయన షాపు నుంచే తెచ్చాం.

ఎల్లప్ప ఒప్పుకోలేదు. తాడు కట్టుకున్న అర్జునుణ్ణి ఎవడు చూస్తాడన్నాడు. నేనెంత చెప్పినా తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నారాయణస్వామి తాడు చుట్ట తన భుజానికి వేసుకున్నాడు.

"తపస్సు రోజు నాకు వేషం లేదు. తాడు నాకాడ ఉంటాది," అన్నాడు. "యుద్ధం అయ్యేదాకా నువ్వు బతికుండల్ల ఎల్లప్పా. లేకుంటే నేను ఎవురితో కొట్లాడేది?"

ఎల్లప్ప నడుము చుట్టూ పంచె సర్దుకుని చేతులు పైకెత్తాడు, కట్టమన్నట్టు.

మరుసటి మధ్యాహ్నం ఊరి బయట బీడంతా జనం. పక్క రాష్ట్రాల పల్లెల నుంచి కూడా వచ్చారు. కన్నడమూ అరవమూ తెలుగూ కలిసిపోయి ఒకటే రొద. మాను వెనక, వేషం లేకుండా ఉత్త మీసాలతో దుర్యోధనుడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు పైకొయ్య మీదుగా పోయి అర్జునుడి నడుముకు చేరింది. ఆదిలక్ష్మమ్మ నా పక్కనే నిలబడి కొంగు మెలితిప్పుతోంది. రెండో పక్క మా ఆయన ఫోనుతో వీడియో తీస్తున్నారు. పేరు ధనుంజయే గానీ, షాపులో పై అరకు నిచ్చెన ఎక్కాలన్నా ఆయనకు భయం.

ఎల్లప్ప పాడుతూ ఎక్కాడు. పద్యం అయ్యేదాకా ఒక కొయ్య, మళ్లీ పద్యం, మళ్లీ కొయ్య. ఆయన గొంతు నేను విన్నది అదే మొదటిసారి. నా గదిలో గొణిగే మనిషి గొంతు కాదది. సగం దాటాక ఒకచోట కొయ్య దూరంగా ఉంది. దాన్ని అందుకోవాలంటే కుడిచెయ్యి పూర్తిగా చాచి, ఒంటి బరువంతా దాని మీద వెయ్యాలి. పద్యం అయిపోయింది. ఎల్లప్ప కదల్లేదు. తాళాలు వేసేవాళ్లు అదే చరణం మళ్లీ అందుకున్నారు. కింద జనం మాటలు తగ్గిపోయాయి. నేను మా ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నానని, ఆయన అబ్బా అన్నాకే తెలిసింది.

నారాయణస్వామి తాడు బిగించలేదు. తల పైకెత్తి, రోజూ ఫోనులో నా నుంచి విన్న మాట అన్నాడు. "గుంజొద్దు. దానంతటదే వస్తాది, పోనీ."

కుడిచెయ్యి మెల్లగా పైకి వెళ్లింది. చాచుకుంది, ఇంకా చాచుకుంది, నిటారయింది. వేళ్లు కొయ్యను పట్టాయి. బరువు దాని మీద పడింది. చెయ్యి నిలబడింది. తరవాతి పద్యం అంతకు ముందుదానికంటే రెట్టింపు గొంతుతో వచ్చింది. ఆదిలక్ష్మమ్మ నా భుజం మీద తల ఆనించింది.

కొనన పీట మీద కూర్చుని ఎల్లప్ప శివుణ్ణి పిలిచాడు. ఎండ ఆయన కిరీటం మీద పడుతోంది. వరం అందుకునే చరణం వచ్చింది. రెండు చేతులూ ఆకాశం వైపు చాచాడు. అర్జునుడు పాశుపతం అందుకోవాలంటే అరచేతులు పూర్తిగా పైకి తిరగాలని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఇన్ని వారాలుగా నేను దేనికోసం పాటుపడ్డానో సరిగ్గా అదే కదలిక. ఎడమచెయ్యి చూశాను, కుడిచెయ్యి చూశాను. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఏది విరిగిన చెయ్యో ఎవరూ చెప్పలేరు. వేలి వెడల్పంత మిగిలిపోయిందనుకున్నది కూడా అక్కడ పైన, ఎవరూ ముట్టుకోకుండానే, దానంతటదే వచ్చేసింది.

తర్వాత నిమ్మకాయలు. ఆయన కుడిచేత్తో విసిరాడు, ప్రతి ఒక్కటీ కుడిచేత్తోనే. తడి చీరల ఆడవాళ్లు లేచి కొంగులు పట్టారు. వాళ్ల తలల మీదుగా ఒక కాయ ఎగిరొచ్చి, వీడియో తీస్తున్న మా ఆయన చేతిలో ఫోనుకు తగిలి, అరచేతిలో పడింది. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. మగోడికి పడింది కాబట్టి కవల పిల్లలేనని ఒక ముసలమ్మ తీర్పు చెప్పింది. ఆయన చెవులు టమాటా పండులా ఎర్రబడ్డాయి. కాయను మాత్రం గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నారు.

ఎల్లప్ప నేల మీద కాలు పెట్టగానే జనం పూలదండలు విసురుతూ చుట్టూ చేరారు. ఊరి పెద్దలు ముందుకొచ్చి, వచ్చే ఏడుకు కూడా నువ్వేనప్పా అన్నారు. వాళ్ల మధ్యలోంచి ఆయన నా కోసం వెతికి, కళ్లు కలవగానే కుడి అరచేతిని పైకి తిప్పి చూపించాడు.

అవతల మాను వెనక నారాయణస్వామి తాడు చుట్టుకుంటున్నాడు. పక్కన నిలబడ్డ కన్నడం మనిషినెవరినో ఆపి, తన మోచేతి గుంటలోనే వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"ఈడ ఒక గోళీకాయ ఉంటాది సూడు," అంటున్నాడు. "అర్జునుడిది నేను తిప్పినా."